తాళంచెవి చేతిలో, ఇంజిన్ వాకిట్లో

ఖల్ఫాన్ బిన్ థానీ పశువుల ఆసుపత్రిలో జీపు డ్రైవరుగా పనిచేసినన్నాళ్ళూ బహ్లా చుట్టుపక్కల ఊళ్ళలో మేకలకి ఆయనంటే హడల్. సూది పొడిచేది డాక్టరే. కానీ మేకలకి డాక్టరెవరో ఏం తెలుసు? జీపు దిగే గెడ్డం మనిషే తెలుసు. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా ఆయన సందులోంచి నడిచొస్తుంటే మేకలు గోడలెక్కేవి.

"నన్ను చూసి మేకలు పారిపోతాయి, మనుషులేమో కహ్వా కాఫీ తాగమని చెయ్యి పట్టుకు లాగుతారు. ఇది కాస్తా తారుమారైతే ఎంత సుఖంగా ఉండేదో!" అని ఆయనే నవ్వేవాడు.

జీవితమంతా సర్కారు జీపు తోలినవాడికి సొంతానికంటూ ఉన్న సరదా ఒక్కటే, ఒక పాత జపాను కారు. బూడిదరంగు, నాలుగు తలుపులు, ఇంజిన్ మూతమీద గాలి పీల్చుకోవడానికి ఎత్తిపెట్టిన ముక్కు. అందులో టర్బో ఉంది. ఇంజిన్ వదిలే పొగకే ఒక చిన్న చక్రం గిర్రున తిరిగి, ఆ ఊపుతో గాలిని మళ్ళీ ఇంజిన్ నోట్లోకి ఊదుతుంది. కొండ దారిలో కాలు నొక్కితే చాలు, ఈల వేసుకుంటూ ఎక్కేస్తుంది. ఆ ఈల కోసమే ఖల్ఫాన్ ఆ కారు కొన్నాడు. భార్య జువైనా మాత్రం, "ముసలితనంలో ఈలవేసేదాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు" అని వీధి వీధికీ చెప్పుకునేది.

కొన్న ఏడాదే ఆ ఈల కాస్తా ఏడుపయింది. మెకానిక్కు విప్పి చూస్తే, చక్రం ఇరుసు దగ్గర నూనె మాడి బొగ్గులా పేరుకుపోయి ఉంది. ఎర్రగా కాలినదాన్ని ఆగీ ఆగకముందే కట్టేస్తే, నూనె కదలక అక్కడే మాడిపోతుందట. కాసేపు ఇంజిన్ని ఊరికే నడవనిచ్చి, చల్లారాక కట్టేయాలట. ఈ సంగతి ఖల్ఫాన్ మనసులో శాసనంలా చెక్కుకుపోయింది.

"పందెంలో పరుగెత్తొచ్చిన ఒంటెని అక్కడికక్కడే కూలేస్తావా? నాలుగడుగులు నడిపించి కదా కూర్చోబెడతావు! ఇదీ అంతే" అనేవాడు అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ.

అప్పట్నుంచి ఎక్కడికెళ్ళినా కారు ఆపి, ఇంజిన్ నడుస్తుండగా, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, వేడి చూపించే సూది కేసి చూస్తూ కూర్చునేవాడు. మసీదు దగ్గర అలాగే, రొట్టెల కొట్టు దగ్గర అలాగే. అక్కడ ఎవరికీ పట్టింపు లేదు. చిక్కంతా చుట్టాల గుమ్మాల దగ్గరొచ్చింది.

ఆ ఊళ్ళలో ఒకరి వాకిట్లో కారు ఆపి ఇంజిన్ కట్టకుండా కూర్చున్నాడంటే, "మాట చెప్పి పోవడానికొచ్చాను, మీ ఇంట్లో కూర్చోను" అని అర్థం. ఇంటాయన బయటికొచ్చి, "ఇంజిన్ ఆపు, దిగు" అని బతిమాలాలి. వచ్చినవాడు తొందరపని ఉందనాలి. మళ్ళీ బతిమాలాలి. మూడోసారికి దిగాలి. మూడోసారి కూడా దిగలేదంటే ఆ ఇంటి కహ్వా అక్కర్లేదన్నట్టే. పిల్లకైనా పెద్దకైనా తెలిసిన లెక్క ఇది. ఖల్ఫాన్‌కీ తెలుసు. కానీ సూది ఎర్రగీత దగ్గరున్నప్పుడు ఆయనకి ఇంకేదీ గుర్తుండేది కాదు.

రెండేళ్ళ కిందటి ఈద్ నాడు అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క రయ్యా, బావ హిలాల్ ఉండేది రహ్బాలో. బహ్లా నుంచి వెళ్తే ఆఖర్న అంతా ఎక్కుడే. దారి ఎక్కడ ఆగుతుందో అక్కడే హిలాల్ వాకిలి, అదీ ఏటవాలే. కారు ఉడికిపోతూ వాకిట్లో ఆగింది. హిలాల్ కొత్త దిష్దాషా అంగీ వేసుకుని, నడుముకి బాకు కట్టుకుని, కహ్వా పోసే కొమ్ముచెంబుతో ఎదురొచ్చాడు.

"రావయ్యా బావమరిదీ, ఆపు, దిగు!"

"వస్తున్నా బావా, ఒక్క క్షణం."

"దిగవయ్యా, కహ్వా చల్లారిపోతోంది."

"కాస్త ఆగు."

"ఖల్ఫాన్! పండగపూట వాకిట్లో కూర్చుంటావా? దిగు!"

"కాస్త ఆగమన్నానా!" అన్నాడు ఖల్ఫాన్, సూది మీంచి చూపు తిప్పకుండా.

వాకిట్లో అప్పటికే పదిమంది చుట్టాలున్నారు. హిలాల్ మొహం కందిపోయింది. చెంబు గోడ మీద పెట్టి, అందరూ వినేలా ఒట్టు పెట్టాడు: "అల్లా సాక్షి! నా గుమ్మంలో వీడి ఇంజిన్ నోరు మూసుకుని, నా చేత్తో పోసిన కహ్వా వీడు తాగేదాకా, నేను గానీ నా ఇంటివాళ్ళు గానీ వీడి గడప తొక్కితే ఒట్టు!"

ఖల్ఫాన్‌కి తల్లి చిన్నప్పుడే పోయింది. చంకనెత్తుకుని పెంచింది రయ్యాయే. ఆవిడ వారానికోసారైనా తమ్ముడింటికి వచ్చి, వంటింట్లో దూరి, జువైనా గిన్నెల మూతలన్నీ ఎత్తి చూసి, వంకలు పెట్టి, కడుపునిండా మాట్లాడి వెళ్ళేది. ఆ రాకపోకలు ఆగిపోయాయి. ఫోను మాత్రం రోజూ చేసేది, తిట్టడానికి.

"నీ కారుకి చల్లారడానికి తీరికుంది, మీ బావకి చల్లారడానికి తీరిక లేకపోయిందిరా!"

"నేను రానన్నానా అక్కా? వస్తే మళ్ళీ అదే గొడవ కదా."

"నడిచి రా."

"నడిచొస్తే ఖల్ఫాన్ కారు అమ్ముకున్నాడంటారు."

"అనుకోనీరా! అమ్ముకుంటే మరీ మంచిది!"

జువైనా ఇంకో ఉపాయం చెప్పింది. "కొండ కింద ఆపుకుని, నీ బొగ్గులకుంపటి చల్లార్చుకుని, అక్కడ కట్టేసి పైకి ఎక్కి వెళ్ళు." ఖల్ఫాన్ అదీ చేశాడు. కొండ కింద కారు ఆపి కూర్చోగానే ఒక పికప్ బండి వచ్చి ఆగింది. "చెడిపోయిందా అన్నా?" చెడిపోలేదన్నాడు. ఆ మాట నమ్మకుండా ఆయన దిగి మూత ఎత్తించాడు. వెనకాల ఇంకో బండి. ఆయన నీళ్ళ డబ్బా పట్టుకొచ్చాడు. మూడో ఆయన తాడు తెచ్చాడు. "మా ఊరి దారిలో మనిషి ఎండలో ఇరుక్కుపోతే వదిలేసి పోతామా?" అని ముగ్గురూ కలిసి, నిక్షేపంలా ఉన్న కారుని తాడుకట్టి బహ్లా దాకా లాగి, ఇంటి ముందు వదిలి, దీవెనలు పుచ్చుకుని వెళ్ళారు. ఖల్ఫాన్ స్టీరింగు పట్టుకుని గుడ్లప్పగించి కూర్చున్నాడు. అంతమంది మంచివాళ్ళని ఎదిరించడం ఎలాగో ఆయనకి చేతకాలేదు.

ఇలా ఉండగా హిలాల్ హజ్ యాత్రకు వెళ్ళాడు. తిరిగొచ్చినవాడిని ఊరూవాడా వెళ్ళి చూడాలి. పగవాడైనా వెళ్ళాలి. వెళ్ళకపోతే పగ శాశ్వతమన్నమాట. రయ్యా ఫోను చేసింది. ఈసారి తిట్టలేదు.

"తమ్ముడూ, శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత జనం వస్తారు. నువ్వు రాకపోయినా, వచ్చి మళ్ళీ వాకిట్లో కూర్చున్నా, ఇక నేను నీ ఇంటికి రావడమనేది లేదు. ఈ వయసులో మొగుడి ఒట్టు తెంపించలేను, అలాగని తమ్ముణ్ణి తెంచుకోలేను. నాకు ఓపిక లేదురా."

తిట్లు లేని ఆ ఫోను ఖల్ఫాన్‌ని భయపెట్టింది. ఆ సాయంత్రమే ఊరి బయట మెకానిక్ షెడ్ల వీధికి పోయి గుల్బాజ్ ముందు కూలబడ్డాడు. గుల్బాజ్ పెషావరు కొండల మనిషి. ఆ వీధిలో పదిహేనేళ్ళుగా ఉన్నాడు.

"ఏం బాబా, మళ్ళీ ఏడుస్తోందా?"

"అది బాగానే ఉంది. నేనే ఏడుస్తున్నా. వెంటనే కట్టేసినా మాడని టర్బో దొరుకుతుందా?"

గుల్బాజ్ నవ్వి, లోపలికెళ్ళి ఒక డబ్బా తెచ్చాడు. అగ్గిపెట్టెకి అన్నలా ఉంది. ముందువైపు అద్దం, వెనకాల తోకలా వేలాడుతున్న రంగురంగుల తీగెలు. షార్జాలో తుక్కుకింద విప్పిన ఏదో జపాను కారులోది. "టైమర్. నువ్వు తాళం తీసుకుని పో. ఇది ఇంజిన్ని నడిపించి, చల్లారాక తనే కట్టేస్తుంది."

"నేను లోపల ఉండక్కర్లేదా?"

"నువ్వు పెళ్ళివిందు తింటూ కూర్చో. ఇది నీకు కాపలా ఉంటుంది."

ఖల్ఫాన్‌కి ప్రాణం లేచొచ్చింది.

బిగించడానికి ఒక పూట పట్టింది. గుల్బాజ్ స్టీరింగు కింద వెల్లకిలా దూరి, తాళంచెవి వెనకనుంచి వచ్చే తీగెల కట్ట విప్పాడు. ఎప్పుడూ కరెంటుండేది ఒకటి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చేది ఒకటి, ఇనుప ఒంటికి బిగించాల్సింది ఒకటి, అన్నీ వెతికి పట్టాలి. మొదటిసారి కలిపితే కుడివైపు తిరిగే దీపం పెడితే హారన్ మోగింది. రెండోసారి అద్దం తుడిచే పుల్లలు లేచి ఆడాయి. "నా కారుని పెళ్ళికూతుర్ని చేస్తున్నావా, ఆడిస్తున్నావా?" అని ఖల్ఫాన్ గోలపెట్టాడు. మూడోసారి సరిపోయింది. చివరిగా ఒక సన్నటి తీగెని హ్యాండ్ బ్రేకు దగ్గరికి తీసుకెళ్ళి కలిపాడు.

"ఇది దేనికి?"

"మనిషి లేకుండా బండి నడుస్తుంది కదా. బ్రేకు లాగి ఉంటేనే టైమర్ పనిచేస్తుంది. గేరులో వదలకు బాబా. న్యూట్రల్లో పెట్టి, బ్రేకు లాగి, అప్పుడు దిగు."

ఖల్ఫాన్ తాళం తీశాడు. ఇంజిన్ ఆగలేదు. డబ్బా అద్దంలో ఎర్రటి అంకెలు వెలిగి వెనక్కి లెక్కపెట్టుకోసాగాయి. తాళంచెవిని చేతిలో ఆడించుకుంటూ కారు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. లోపలికి తొంగిచూశాడు. కాసేపటికి అంకెలు అయిపోయాయి. ఇంజిన్ ఒక్క నిట్టూర్పు విడిచి ఆగింది. ఖల్ఫాన్ గుల్బాజ్ నూనె చేతుల్ని రెండు చేతులతో పట్టుకుని ఊపేశాడు.

"ఎంతసేపు నడవాలో ఎవరు చెప్తారు దీనికి?"

"అదే చూసుకుంటుంది. ఎంత గట్టిగా తోలితే అంతసేపు. దీని కాగితం ఉంటే నేనూ చదివేవాణ్ణి, కాకపోతే అది జపాను భాషలో ఉంటుంది."

శుక్రవారం ఖల్ఫాన్ ఉతికిన దిష్దాషా వేసుకుని, కుట్టుపూల కుమ్మా టోపీ పెట్టుకుని, అత్తరు రాసుకుని బయల్దేరాడు. జువైనా గుమ్మందాకా వచ్చింది. "ఆపగానే దిగు. సూది చూడకు. కళ్ళు మూసుకుని దిగు."

"ఇప్పుడు నా సూది చూడటానికి మనిషున్నాడు లోపల" అన్నాడు ఖల్ఫాన్ గర్వంగా.

ఆ గర్వంలో ఎక్కుడు మీద కాలు అవసరానికి మించి నొక్కాడు. ఈల వేసుకుంటూ కారు రహ్బా ఎక్కింది. హిలాల్ వాకిట్లో ఆపీ ఆపగానే బ్రేకు లాగి, న్యూట్రల్ చేసి, తాళం తీసి, తలుపు వేసి, చకచకా నడిచి అతిథులు కూర్చునే సబ్లా గదిలోకి వెళ్ళాడు. ఇంత త్వరగా ఆయన కారు దిగడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. సబ్లా నిండా మగవాళ్ళు గోడలకి ఆనుకుని కూర్చున్నారు. కుడివైపునుంచి మొదలుపెట్టి అందరి చేతులూ కలుపుతూ వచ్చి, హిలాల్ ముందు ఆగాడు.

"హజ్ ముబారక్ బావా. అల్లా స్వీకరించుగాక."

హిలాల్ ఆయన్ని ఎగాదిగా చూసి, చెయ్యి కలిపాడు. వదల్లేదు. పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. మూలన కూర్చున్న మహ్ఫూద్ తాత ఆ ఊళ్ళో ఒట్లకీ తీర్పులకీ పెద్ద. ఆయన ఆనవాయితీ ప్రకారం అడిగాడు: "ఏం సంగతులు ఖల్ఫాన్? ఏం కబుర్లు?"

"ఏం లేవు తాతా, అంతా మేలే."

"అక్కడ వానలు?"

"అంతా మేలే."

హిలాల్ లేచి కొమ్ముచెంబు ఎడంచేత్తో ఎత్తాడు, చిట్టి గిన్నె కుడిచేత్తో పట్టుకున్నాడు. చెంబు వంచబోయి ఆగాడు. చెవి రిక్కించాడు. మెల్లగా సబ్లా అంతా చెవి రిక్కించింది. బయట ఇంజిన్ నడుస్తోంది.

"ఎవరిదది?" అన్నాడు హిలాల్.

"నాదే బావా."

"లోపల ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకుండా ఎలా నడుస్తుంది? జువైనాని కారులో వదిలేసి వచ్చావా? ఈ ఎండలో? ఆడమనిషిని నా వాకిట్లో కూర్చోబెట్టి నువ్వొచ్చి నా పరుపు మీద కూర్చున్నావా?"

"కాదు బావా! ఇదిగో తాళంచెవి!" అని ఖల్ఫాన్ దాన్ని అరటిపళ్ళ పళ్ళెం మీద పెట్టాడు.

అంతా తాళంచెవి కేసి చూశారు. తర్వాత గుమ్మం కేసి చూశారు. ఇంజిన్ దాని పాటికది నడుస్తోంది. ఒకాయన గొంతు తగ్గించి దువా చదవడం మొదలుపెట్టాడు.

"బహ్లా వాళ్ళతో ఇదే తంటా" అన్నాడు పక్కాయన. "మనం పాలేరుని పెట్టుకుంటాం, వాళ్ళు జిన్నుని పెట్టుకుంటారు."

"జిన్ను కాదయ్యా, టైమర్! కాసేపు నడిచి, తనే ఆగిపోతుంది."

హిలాల్ చెంబు కింద పెట్టలేదు, గిన్నెలో పోయనూ లేదు. "నేను పెట్టిన ఒట్టేంటి? నా గుమ్మంలో ఇంజిన్ నోరు మూసుకోవాలని. మూసుకుందా? ఆగనీ. ఆగాక పోస్తాను."

మహ్ఫూద్ తాత తలూపాడు. "న్యాయమే."

ఒక కుర్ర మేనల్లుడు ఉండబట్టలేక, "హాజీ మావయ్యా, ఒట్టు తీసిపారేసి పదిమంది పేదలకి అన్నం పెట్టేస్తే సరిపోతుందిగా?" అన్నాడు.

"పదిమందికేం, వందమందికి పెడతాను" అన్నాడు హిలాల్. "కానీ ఒక కారుకి లొంగి పెట్టానంటే ఆ అన్నం నాకెలా అరుగుతుంది? అది తినేవాళ్ళకెలా అరుగుతుంది?"

అందరూ కూర్చుని విన్నారు. ఇంజిన్ ఆగలేదు. ఎక్కుడు మీద గట్టిగా తొక్కాడుగా, డబ్బా తన లెక్క తాను వేసుకుంది. ఖల్ఫాన్‌కి కూర్చున్నచోట ముళ్ళు మొలిచాయి. "నేనే వెళ్ళి ఆపేస్తా" అని లేచాడు. ఆయన వెనకే సబ్లా అంతా లేచింది.

టైమర్‌ని మధ్యలో ఆపడం ఎలాగో గుల్బాజ్ విడిగా చెప్పలేదు, ఖల్ఫాన్ అడగలేదు. చెప్పిన జాగ్రత్తలు కూడా ఆ కంగారులో గుర్తు రాలేదు. తాళం పెట్టి తిప్పాడు, తీశాడు. డబ్బా కొత్తగా ఎవరో వచ్చారనుకుని మళ్ళీ మొదటినుంచి లెక్క మొదలుపెట్టింది. మళ్ళీ తిప్పి తీశాడు. మళ్ళీ మొదటికొచ్చింది. కిటికీల్లోంచి దూరిన గెడ్డాలన్నీ ఎర్ర అంకెల్ని చూస్తున్నాయి.

"ఇంకా పెరిగిందిరా!"

"ముట్టుకోకు ఖల్ఫాన్, దానికి కోపమొస్తోంది."

"ఆ చిన్న మీట నొక్కి చూడు." నొక్కితే అంకెలు పోయి, ఏవో జపాను అక్షరాలు వచ్చాయి. "అదిగో, తిడుతోంది" అన్నాడు ఒకడు.

హిలాల్ కారు వెనకాల నిలబడి, చేతిలో చెంబుతో, పళ్ళు బిగించి అన్నాడు: "చూశారా? రెండేళ్ళ కిందట వీడొక్కడే దిగనన్నాడు. ఇప్పుడు వీడు దిగాడు, కారు దిగనంటోంది."

ఖల్ఫాన్ కారు వదిలి ఆయన దగ్గరకొచ్చాడు. "నీ కోసమే కదా బావా ఇది పెట్టించాను! ఆగగానే దిగాలనే కదా!"

"నా కోసం పెట్టించావా? నన్నడిగి పెట్టించావా?"

ఈ గోలకి ఆడవాళ్ళ వైపునుంచి రయ్యా బయటికొచ్చింది. ఎర్రంచు ఓణీ తల మీద సర్దుకుంటూ మగవాళ్ళ మధ్యనుంచి నేరుగా కారు దగ్గరికి వచ్చింది. ఆవిడ వస్తుంటే అందరూ పక్కకి జరిగారు. ఊళ్ళో సగంమందిని చిన్నప్పుడు ముక్కు తుడిచి పెంచిన మనిషి.

"ఏది ఆపాలి?" అంది.

ఎవరికీ తెలీదు. రయ్యా తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చుంది. చుట్టూ చూసింది. గడియారాలు, మీటలు, అంకెలు. అన్నిటికంటే పైకి లేచి ఉన్నది రెండు సీట్ల మధ్య పిడి ఒక్కటే. తమ్ముడు దాని కొన బొటనవేలితో నొక్కి కిందికి దించడం ఎన్నోసార్లు చూసింది. నొక్కింది. దించింది.

గుల్బాజ్ కలిపిన సన్నటి తీగె తన పని చేసింది. ఇంజిన్ టక్కున ఆగింది. న్యూట్రల్లో ఉన్న కారు మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది.

వెనకాల ఉన్నది బావా బావమరుదులిద్దరే. హిలాల్ చెంబుని గోడ మీదికి ఎలా చేరవేశాడో ఆయనకే తెలీదు. ఇద్దరూ ఒకేసారి తిరిగి, కారు డిక్కీకి వీపులు ఆనించి, కాళ్ళు నేలలో తన్నిపెట్టారు. కారు ఆగింది. వేడి పొగగొట్టం ఇద్దరి కాళ్ళ మధ్య నుంచి బయటికి చూస్తోంది.

"అక్కా, లాగు! పిడి పైకి లాగు!" అని అరిచాడు ఖల్ఫాన్.

రయ్యా పిడి మీద చెయ్యి వేసింది. అద్దంలోంచి వెనక్కి చూసింది. రెండేళ్ళుగా మొహమొహాలు చూసుకోని ఇద్దరు భుజం భుజం ఆనించి నిలబడి ఉన్నారు. చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

"లాగను."

"రయ్యా!" అన్నాడు హిలాల్.

"ఇంజిన్ ఆగిందా?"

"ఆగింది!"

"నీ గుమ్మంలోనేనా?"

"నా గుమ్మంలోనే! లాగవే!"

"అయితే కహ్వా పొయ్యి. వాడు తాగాక లాగుతాను."

నలుగురైదుగురు కారు పట్టుకోవడానికి ముందుకొచ్చారు. రయ్యా కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఎవరూ చెయ్యి వెయ్యకండి! వేస్తే మీ అమ్మలకి చెప్తాను." ఆ అమ్మల్లో చాలామంది ఎప్పుడో చనిపోయారు. అయినా ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

మహ్ఫూద్ తాత కర్ర తాటించాడు. "ఇంజిన్ ఆగింది. గుమ్మం హిలాల్‌ది. కహ్వా హిలాల్ చేత్తో పొయ్యాలి. కూర్చుని తాగాలని ఒట్టులో లేదు. చెంబు అందివ్వండి."

చెంబు అందించారు. చిట్టి గిన్నె అందించారు. హిలాల్ వీపుతో కారుని నెట్టుతూనే, ఎడంచేత్తో చెంబు వంచి, కుడిచేత్తో గిన్నె పట్టుకుని పోశాడు. కాళ్ళు వణుకుతున్నా, సన్నటి ధార గిన్నెలోనే పడింది. ఎంతైనా ముప్పయ్యేళ్ళుగా అతిథులకి పోస్తున్న చెయ్యి. ఖల్ఫాన్ అందుకున్నాడు.

"రెండేళ్ళు" అన్నాడు హిలాల్ రొప్పుతూ. "నువ్వు రాలేదని కాదురా. వచ్చావు. వాకిట్లోకి వచ్చి, లోపలికి రాలేదు."

"ఆ రోజు సూది ఎర్రగీత దగ్గరుంది బావా."

"నీ సూది నాకేం కనబడుతుంది? నాకు కనబడేది నీ మొహం. నా కేసి చూడనైనా చూడలేదు."

ఖల్ఫాన్ తల తిప్పి ఆయన కేసి చూశాడు. ఇంత దగ్గరగా చూసింది ఆయన పెళ్ళినాడు ముక్కూ ముక్కూ తాకించి పలకరించుకున్నప్పుడే. బావ గెడ్డం పూర్తిగా నెరిసిపోయింది. ఎప్పుడు నెరిసిందో తెలీలేదు.

"తప్పు నాదే" అన్నాడు. "తాగుతాను. నువ్వు కూడా ఆ కాలు ఇంకాస్త గట్టిగా పెట్టు, బరువంతా నా మీదే ఉంది."

"నీ మీదా? అబద్ధాలకోరా! సగం పైన నా నడుము మీదే ఉంది!"

ఖల్ఫాన్ తాగాడు. చాలని చెప్పడానికి గిన్నె అటూ ఇటూ ఊపాడు. రయ్యా అద్దంలోంచి చూసి, "ఒక్కదానితో సరిపెట్టుకుంటావా? నా ఇంట్లో ఒక్క గిన్నె తాగి పోతారా ఎవరైనా?" అంది. రెండోది తాగాడు. మూడోదానికి హిలాల్ మోకాళ్ళు వంగిపోతున్నాయి. మహ్ఫూద్ తాత, "ఇక చాలమ్మా రయ్యా. హాజీ చచ్చిపోతే మళ్ళీ అందరం రావాలి" అన్నాడు.

రయ్యా అప్పుడు పిడి పైకి లాగింది.

ఇద్దరూ పక్కకి జరిగి, అక్కడే నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. హిలాల్ కొత్త దిష్దాషా వెనకాల నల్లటి మసి పట్టింది. "మక్కా నుంచి తెల్లగా వచ్చాను, వీడి వల్ల నల్లబడ్డాను" అన్నాడు. సబ్లాలోంచి హల్వా పళ్ళెం బయటికే వచ్చింది. జనం కారు చుట్టూ నిలబడి తిన్నారు.

రయ్యా మాత్రం సీటు దిగలేదు. పక్క సీట్లోకి జరిగి, ఓణీ సర్దుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు హిలాల్.

"మా తమ్ముడింటికి. ఒట్టు తీరిపోయింది కదా. నువ్వు కూడా ఎక్కు. వెనక కూర్చో."

"ఇంటినిండా జనం పెట్టుకుని?"

"వాళ్ళు నీ కోసం రాలేదు, కారు చూడ్డానికే ఉన్నారు. కారు పోతే వాళ్ళే పోతారు."

హిలాల్ వెనక సీట్లో కూర్చున్నాడు. ఖల్ఫాన్ స్టీరింగు పట్టుకుని కారుని కొండ దించాడు. కింద చదును తగిలాక, హిలాల్ ముందుకి వంగి, ఎర్ర అద్దం డబ్బాని చూపిస్తూ మెల్లగా అడిగాడు: "నా పికప్‌కి ఇది పెట్టించొచ్చా?"

"నీదాంట్లో టర్బో లేదుగా బావా. దేనికి?"

"టర్బో సంగతి కాదు. ఎవరింటికెళ్ళినా గంటలు గంటలు వదలరు. బయట ఇంజిన్ నడుస్తూ ఉంటే, తొందరలో ఉన్నానని తెలుస్తుంది కదా."

ఖల్ఫాన్ అద్దంలోంచి బావ కేసి ఓసారి చూసి, గేరు మార్చాడు.

బహ్లాలో ఇంటి ముందు కారు ఆగింది. జువైనా అప్పటికే గుమ్మంలో ఉంది. కారులో ఎవరున్నారో చూసి, చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయి, ఆనవాయితీ మాట అనబోయింది. "ఇంజిన్ ఆపండి, దిగం..." ఆ మాట పూర్తి కాలేదు. రయ్యా దిగేసింది, జువైనాని ఒక్కసారి గట్టిగా కౌగిలించుకుంది, ఆవిడ భుజం మీంచే వంటింటి కేసి చూసింది, లోపలికి వెళ్ళిపోయింది.

కారు నడుస్తూనే ఉంది. బావా బావమరుదులిద్దరూ దాన్ని పట్టించుకోకుండా వాకిట్లో నిలబడ్డారు. లోపల్నుంచి గిన్నెల మూతలు తీస్తున్న చప్పుడు వినిపించింది, ఒకటి తర్వాత ఒకటి. తర్వాత రయ్యా గొంతు: "జువైనా! ఈ చారులో ఉప్పెవరు వేశారు?"

ఖల్ఫాన్ కళ్ళు తుడుచుకున్నాడు. "పొగ" అన్నాడు హిలాల్‌తో.